చిలప నుంచి టోపీదాకా: ఊలుకు రంగు అద్ది, చేత్తోనూ మిషన్‌మీదా అల్లే పద్ధతి

ఇక్కడ ఒకే ఒక్క టోపీ అల్లబోతున్నాం. 100 గ్రాముల తెల్ల ఊలు చిలప (వలయంగా చుట్టిన దారం కట్ట) తీసుకుని దానికి మనమే రంగు వేస్తాం. టోపీ అంచు చేత్తో అల్లి, ఒళ్లు నిట్టింగ్ మిషన్‌మీద లాగేసి, నడినెత్తి భాగం మళ్లీ చేత్తో ముగిస్తాం. మిషన్ లేనివాళ్లు ఆ మధ్య భాగం కూడా చేత్తోనే అల్లుకోవచ్చు, లెక్క మారదు.

టోపీయే ఎందుకంటే, అద్దకం, చేతి అల్లిక, మిషన్ అల్లిక, కుట్లు తగ్గించడం, అతుకు వేయడం అన్నీ ఇందులో ఒకసారి చేతికి తగులుతాయి. చెడినా పోయేది ఒక్క చిలప. నేను స్వెట్టర్‌తో మొదలుపెట్టాను. వీపు భాగం పూర్తయ్యేసరికి ఓపిక అయిపోయి సంచిలో కుక్కేశాను.

ఇన్నేళ్లలో నేను పాడుచేసినవాటిని లెక్కేస్తే, సూదులు పట్టాక జరిగిన తప్పులు చాలా తక్కువ. కుట్టు తప్పితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. కట్లు వేయకుండా ఉడకబెట్టిన చిలపనీ, ఉతక్కుండా కొలిచిన శాంపిల్ ముక్కని నమ్మి అల్లిన స్వెట్టర్‌నీ ఏం చేసినా బాగుచేయలేం. అందుకే కింద అల్లికకంటే ముందు పనుల గురించే ఎక్కువ రాశాను.

ఊలు ఎంచుకోవడం

లేబుల్‌మీద 100 శాతం ఊలు అని ఉండాలి. 100 గ్రాములకు సుమారు 200 మీటర్లు వచ్చే మధ్యరకం మందం సరిపోతుంది. ఊలు అంటే జంతువు వెంట్రుక, ప్రోటీన్ పీచు. పట్టు కూడా అంతే. ఈ రెండూ ఆమ్లం, వేడి తగిలితే ఆసిడ్ రంగుల్ని పట్టేసుకుంటాయి. నూలు మొక్క పీచు కాబట్టి దాని దారి వేరు. దానికి రియాక్టివ్ రంగులు, వాషింగ్ సోడా కావాలి, ఉడకబెట్టక్కర్లేదు. అక్రిలిక్ ఈ రెండిట్లో దేనికీ లొంగదు. బజారులో "ఊలు" అని పిలిచే దారంలో చాలామటుకు అక్రిలిక్కే కాబట్టి ఇక్కడే మోసపోతాం. గంటసేపు ఉడకబెట్టినా నీళ్లు రంగుగానే ఉంటాయి, దారం తెల్లగానే ఉంటుంది.

అనుమానముంటే వేలెడు దారం తెంపి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కనుంచుకుని కాల్చి చూడండి. ఊలు అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి పూస వేళ్లమధ్య నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి గుండులా మిగులుతుంది.

ఇంకో మాట: లేబుల్‌మీద "సూపర్‌వాష్" అని ఉంటే ఆ ఊలు ఉతికినా అట్టకట్టదు. కానీ రంగు మరీ తొందరగా తాగేస్తుంది, మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. మొదటిసారికి మామూలు ఊలే మేలని నా అభిప్రాయం.

చిలపకు కట్లు వేయడం

దారం ఉండగా ఉంటే ముందు దాన్ని చిలపగా మార్చాలి. ఉండ రూపంలో ఉడకబెడితే రంగు లోపలికి వెళ్లదు. కుర్చీ వీపుకు చుట్టినా చాలు. చిలపకు నాలుగు చోట్ల కట్లు వేయండి. కట్టు తెల్లటి నూలు దారంతో, ఎనిమిది అంకె ఆకారంలో ఉండాలి. అంటే చిలపలోని పోగుల్ని రెండు పాయలుగా విడదీసి, కట్టుదారం మొదటి పాయ మీదుగా, రెండో పాయ కిందుగా పోయి, తిరిగి వచ్చేటప్పుడు అటుదిటు కావాలి. కట్టులో బొటనవేలు దూరేంత వదులు ఉంచండి. బిగిస్తే కట్టు కింద రంగు ఎక్కక తెల్ల చారలు మిగులుతాయి. అసలు కట్టకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మూడు సాయంత్రాలు చిక్కు తీశాను, చివరికి కత్తెర పట్టుకున్నాను.

కట్లు వేసిన చిలపని గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, కనీసం అరగంట నానబెట్టండి. పొడి ఊలు నీళ్లని తోసేస్తుంది. చిలప దానంతటది మునిగినప్పుడే నానినట్టు.

రంగు కొలత

అద్దకంలో అన్ని లెక్కలూ పొడి ఊలు బరువు మీదే నడుస్తాయి. 100 గ్రాముల ఊలుకు 1 గ్రాము రంగు పొడి వేస్తే 1 శాతం గాఢత, అంటే నిండు రంగు. లేత రంగు కావాలంటే పావు శాతం చాలు. నలుపుకు 3, 4 శాతం దాకా పోవాల్సి వస్తుంది.

ఇంట్లో త్రాసుమీద అర గ్రాము, పావు గ్రాము తూచడం కష్టం. అందుకే ప్రతి రంగుకూ స్టాక్ ద్రావణం చేసి సీసాల్లో ఉంచుకుంటారు. 1 గ్రాము పొడిని కొద్ది వేడినీళ్లలో ముద్దగా కలిపి, మొత్తం 100 మి.లీ. అయ్యేదాకా నీళ్లు పోస్తే అది 1 శాతం ద్రావణం. ఇక తూకం అక్కర్లేదు, సిరంజి చాలు. 100 గ్రాముల ఊలుకు 100 మి.లీ. ద్రావణం వాడితే 1 శాతం గాఢత, 25 మి.లీ. వాడితే పావు శాతం.

పొడి తూచేటప్పుడు మాస్క్, గ్లవ్స్ తప్పనిసరి. ఫ్యాన్ ఆపేయండి. రంగుకు వాడిన స్టీలు గిన్నె, గరిటె, థర్మామీటరు మళ్లీ వంటకు వాడకూడదు. గిన్నెమీద పెయింటుతో గుర్తు పెట్టేస్తే ఇంట్లోవాళ్లెవరూ పొరపాటున తీసుకోరు.

మన టోపీకి నెమలికంఠం రంగు వేద్దాం: నీలం 70 మి.లీ., పసుపు 25, ఎరుపు 5. ఆ ఎరుపు ఎందుకంటే, ఉత్త నీలం, పసుపు కలిపితే రంగు ప్లాస్టిక్ బిందెలా మెరుస్తుంది. చిటికెడు ఎరుపు ఆ మెరుపుని అణిచి లోతు తెస్తుంది. రంగుల తయారీనిబట్టి ఫలితం అటూ ఇటూ అవుతుంది కాబట్టి, ముందు 10 గ్రాముల బుల్లి చిలపమీద పదోవంతు కొలతలతో, అంటే 7, 2.5, అర మి.లీ.తో చూసుకోండి. ఆ ముక్కని ఒక అట్టకు కట్టి పక్కన కొలతలు రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే రంగు మళ్లీ కావాలనిపిస్తే ఈ అట్టే దిక్కు.

గిన్నెలో

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకుంటే మిగతాదంతా మీరే ఊహించగలరు. ఊలుకు రంగుని పట్టించేవి వేడి, ఆమ్లం. ఆ రెండూ ఎంత వేగంగా అందితే రంగు అంత వేగంగా, ముందు తగిలినచోటే అతుక్కుంటుంది. నెమ్మదిగా అందితే అంతటా సమంగా పరుచుకుంటుంది. ఒకే చదునైన రంగు కావాలన్నా, మబ్బులు మబ్బులుగా నీడలు కావాలన్నా తేడా అంతా ఆమ్లం ఎప్పుడు వేశారన్నదాంట్లోనే ఉంది.

చదునైన రంగు కోసం పెద్ద గిన్నెలో 3, 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి, ముందు రంగు ద్రావణం కలిపేయండి. నానిన చిలపని పిండి దించండి. సన్నని మంటమీద, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడి పెరిగేలా చూసుకోండి. 60 డిగ్రీల సెల్సియస్‌కు వచ్చాక చిలపని గరిటెతో పైకెత్తి పక్కన పెట్టి, నీళ్లలో అర టీస్పూను నిమ్మ ఉప్పు కరిగించి, చిలపని మళ్లీ దించండి. పది నిమిషాలు ఆగి, అలాగే ఎత్తి ఇంకో అర టీస్పూను. నిమ్మ ఉప్పు లేకపోతే తెల్ల వెనిగర్ మొత్తం 60 నుంచి 100 మి.లీ. దాకా, అదీ రెండు విడతలుగా. చిలప లోపలుండగా ఆమ్లం ఎప్పుడూ పోయకండి, అది పడినచోట మచ్చ ఖాయం.

నీడలు నీడలుగా కావాలంటే తలకిందులు చేయండి. నీళ్లలో ముందే ఆమ్లం కలిపి, చిలపని వేడెక్కించి, రంగుని మూడు నాలుగు చోట్ల కొద్దికొద్దిగా పోసి, కదపకుండా వదిలేయండి. పడినచోట ముదురుగా, దూరంగా ఉన్నచోట లేతగా పడుతుంది. అల్లాక నాకైతే ఇదే బాగుంటుంది, ఒకే రంగులో ప్రాణం ఉన్నట్టుంటుంది.

ఏ పద్ధతైనా 85 నుంచి 90 డిగ్రీల మధ్య అరగంట ఉంచాలి. నీళ్లు తెర్లకూడదు. ఊలు పీచుమీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, కుదుపు తోడైతే అవి ఒకదాన్నొకటి పట్టుకుని చిలప అట్టకట్టుకుపోతుంది. అందుకే కలియబెట్టడం కూడా వద్దు, అప్పుడప్పుడూ మెల్లగా ఒకసారి తిప్పితే చాలు.

గరిటెతో కొద్దిగా నీళ్లు తీసి తెల్ల పింగాణీ కప్పులో చూడండి. నీళ్లు తేటగా ఉంటే రంగంతా దారంలోకి వెళ్లిపోయినట్టే. ఇంకా రంగుంటే మరో పది నిమిషాలు, అవసరమైతే మరికొంచెం ఆమ్లం. తర్వాత పొయ్యి కట్టేసి గిన్నెలోనే రాత్రంతా చల్లారనివ్వండి. వేడి చిలపమీద చన్నీళ్లు పోస్తే ఆ అదటుకే అట్టకడుతుంది. పొద్దున నీళ్లలో జాడించి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి.

మొక్కల రంగులంటే ఇష్టమున్నవాళ్లు 100 గ్రాముల ఊలుకు 12 నుంచి 15 గ్రాముల పటిక వేసిన నీళ్లలో ముందు ఊలుని గంటసేపు వేడిచేసి, ఆ తర్వాత మంజిష్ఠ వేళ్లతోనో, బంతిపూలతోనో, ఉల్లిపొట్టుతోనో ఉడకబెట్టొచ్చు. పసుపు మాత్రం నమ్మకండి. తొలిరోజు బంగారంలా ఉంటుంది కానీ ఎండకు వెలిసిపోతుంది.

శాంపిల్ ముక్క, అసలు లెక్క

ఆరిన చిలపని ఉండగా చుట్టుకోండి. మిషన్‌కోసమైతే చుట్టే రాట్నంమీద, దారం లోపలినుంచి వచ్చేలా చుట్టాలి. చుట్టేటప్పుడు దారాన్ని మైనం ముక్క మీదుగా పోనిస్తే మిషన్‌లో జారుడుగా నడుస్తుంది.

చేతి శాంపిల్: 4.5 మి.మీ. సూదులమీద 30 కుట్లు ఎక్కించి, ఒక వరస నిట్ (మనవైపు నున్నగా కనిపించే కుట్టు), ఒక వరస పర్ల్ (మనవైపు గుబ్బలా కనిపించే, దానికి తిరగేసిన కుట్టు) చొప్పున 12 సెం.మీ. ఎత్తు అల్లండి. మిషన్ శాంపిల్: 40 కుట్లు, 60 వరసలు. రెండిటినీ ఉతికి, ఆరబెట్టి, అప్పుడే కొలవాలి. మిషన్ ముక్క విషయంలో ఇది మరీ ముఖ్యం. మిషన్‌మీద అల్లేటప్పుడు కింద తగిలించే బరువులు వేలాడి ముక్క నిలువుగా సాగి ఉంటుంది, దించిన వెంటనే కొలిస్తే అంకెలన్నీ తప్పే.

ముక్క మధ్యలో 10 సెం.మీ. కొలిచి కుట్లు లెక్కపెట్టండి. 20 కుట్లు, 28 వరసలు వచ్చాయనుకుందాం. తల చుట్టుకొలత 56 సెం.మీ. టోపీ తలని పట్టి ఉండాలి కాబట్టి పదోవంతు తగ్గించి 50 సెం.మీ. అల్లుతాం. 10 సెం.మీ.కు 20 కుట్లు, 50కి 100. అతుకులో అటొకటి, ఇటొకటి పోతాయి కాబట్టి 102.

ఇదే ఊలు మీ చేతిలో బిగువుగా వచ్చి 22 కుట్లు అయిందనుకోండి. శాంపిల్ చేయకుండా 102 ఎక్కిస్తే టోపీ 45.5 సెం.మీ. దగ్గర ఆగుతుంది, పిల్లవాడికి సరిపోతుంది. అప్పుడు 110 ఎక్కించాలి. చివరి అంకెలోంచి 2 తీసేస్తే మిగిలింది 4తో భాగింపబడాలన్నది ఒక్కటే షరతు. కారణం కింద వస్తుంది.

చేతి ముక్క, మిషన్ ముక్క ఒకే గేజ్‌లో (10 సెం.మీ.కు వచ్చే కుట్లు, వరసల లెక్క) లేకపోతే మిషన్ డయల్‌ని మార్చండి. అంకె పెరిగితే కుట్టు వదులవుతుంది. మీ చేతిని మార్చుకోవాలని చూడకండి, పదో వరసకల్లా పాత అలవాటుకే పోతుంది.

ఒక హెచ్చరిక. చిలపకు నాలుగైదు రంగులు వేద్దామని ఉంటే ఈ టోపీకి మాత్రం వద్దు. అల్లికలో ఒక వరసకు ఆ వెడల్పుకు దాదాపు మూడింతల దారం పడుతుంది. 50 సెం.మీ. వరసకు మీటరున్నర. మామూలు చిలప చుట్టుకొలత కూడా సుమారు మీటరున్నరే. రెండూ దగ్గరపడితే రంగులు చెల్లాచెదురు కాకుండా కొన్నిచోట్లే పేరుకుని పెద్దపెద్ద మచ్చలు కడతాయి. వెడల్పు తక్కువ కాబట్టి శాంపిల్ ముక్కలో అది బయటపడదు కూడా.

అంచు, చేత్తో

4 మి.మీ. సూదులమీద 102 కుట్లు వదులుగా ఎక్కించండి. మొదటి వరస 2 నిట్, తర్వాత "2 పర్ల్, 2 నిట్" అనుకుంటూ చివరిదాకా. వరస 2 నిట్‌తో మొదలై 2 నిట్‌తోనే ముగియాలి. తిరుగు వరసలో 2 పర్ల్‌తో మొదలవుతుంది. ఇలా 16 వరసలు, సుమారు 5 సెం.మీ.

రెండు చివర్లా 2 నిట్ ఎందుకంటే, అతుకు వేసేటప్పుడు ప్రతి చివరా ఒక కుట్టు లోపలికి పోతుంది. మిగిలిన ఒకటీ ఒకటీ పక్కపక్కన చేరి 2 నిట్ అవుతాయి. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఒళ్లు, మిషన్‌మీద

చేతి అల్లికలో కుట్లన్నీ ఒకే సూదిమీద క్యూలో నిలబడతాయి. మిషన్‌లో ప్రతి కుట్టుకూ సొంత కొక్కెం ఉంటుంది, అందుకే ఒక్క తోపుకు వరస మొత్తం అయిపోతుంది. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్లకోసం కట్టిన మగ్గంలోనూ ఇదే కిటుకు.

మన ఊలు మందానికి కొక్కేలమధ్య 6.5 మి.మీ. దూరముండే మిడ్‌గేజ్ మిషన్ కావాలి. సిల్వర్ రీడ్ ఎల్‌కె150 ఈ రకమే, 150 కొక్కేలుంటాయి. 4.5 మి.మీ. మిషన్‌మీద ఇంత లావు దారం పెడితే క్యారేజ్ (కొక్కేలమీదుగా అటూ ఇటూ తోసే భాగం) బిగుసుకుపోతుంది. పాత మిషన్ కొంటే ముందు కొక్కేల్ని నొక్కి ఉంచే స్పాంజి పట్టీ చూడండి. అది అణిగిపోయి ఉంటే కుట్లు జారుతూనే ఉంటాయి, తప్పు మీదే అనుకుని బాధపడతారు.

మిషన్ మధ్యలోని సున్నాకు ఎడమ 51, కుడి 51 కొక్కేలు ముందుకు లాగండి. మిషన్‌మీద ఎప్పుడూ పర్ల్ ముఖమే మనవైపు ఉంటుంది. కాబట్టి చేత్తో అల్లిన రిబ్ (2 నిట్, 2 పర్ల్) అంచుని, చివర్లలో పర్ల్ గుబ్బలు కనిపించే వైపు మనకు ఎదురుగా ఉండేలా పట్టుకుని, ఒక్కో కుట్టునీ ఒక్కో కొక్కేనికి తగిలించండి. ఇది ఓపిక పని, ఇరవై నిమిషాలు పడుతుంది. ప్రతి పది కుట్లకూ ఒకసారి లెక్క చూసుకోండి.

అంచు కింద దువ్వెన, బరువులు వేలాడదీసి, కొత్త దారం క్యారేజ్‌కు పెట్టి, తోక ఒక జానెడు వదిలి, నెమ్మదిగా తోయండి. క్యారేజ్ చివరి కొక్కెం దాటేదాకా పోవాలి. మరీ దూరం పోతే అంచున దారం వదులై లూపులు వేలాడతాయి. మధ్యలో ఆగిపోతే బలవంతం చేయకండి, కొక్కేలు వంగిపోతాయి. దారం ఎక్కడ చిక్కుకుందో చూసి విడిపించండి. 28 వరసలు కాగానే, అంటే 10 సెం.మీ. తర్వాత, దారం తెంపి, వేరే రంగు పనికిరాని దారంతో 8 వరసలు అల్లి మిషన్‌మీంచి దించేయండి. ఆ దారమే మన కుట్లు జారకుండా కాపలా కాస్తుంది.

నడినెత్తి, అతుకు

4.5 మి.మీ. సూదిమీదికి అసలు రంగులోని చివరి వరస కుట్లు 102 ఎక్కించుకుని, పనికిరాని దారం విప్పేయండి. బయటి వైపు మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుని దారం కలపండి. 102 అంటే అంచున 1, మధ్యలో పదేసి కుట్ల భాగాలు 10, చివర 1.

మొదటి వరస: 1 నిట్; "8 నిట్, రెండు కుట్లు కలిపి ఒకటి" పదిసార్లు; 1 నిట్. 92 మిగులుతాయి. తర్వాతి వరస మొత్తం పర్ల్. ఆపైన 8 బదులు 7, మళ్లీ పర్ల్, తర్వాత 6... ఇలా 12 కుట్లు మిగిలేదాకా. తగ్గించే వరసలు 9, పర్ల్‌తో కలిపి 18, ఆరున్నర సెం.మీ.కు కాస్త తక్కువ. మొత్తం ఎత్తు 21 సెం.మీ. దాటుతుంది. 110తో మొదలుపెట్టినవాళ్లు తొమ్మిదేసి కుట్లు 12 భాగాలుగా చేసుకోండి, చివరికి 14 మిగులుతాయి.

అరమీటరు దారం వదిలి తెంపి, మొద్దు సూదికి ఎక్కించి, మిగిలిన కుట్లన్నిటిలోంచీ రెండుసార్లు దూర్చి గట్టిగా లాగండి. అదే దారంతో, బయటి వైపు మీకు కనిపిస్తుండగా, మొదటి కుట్టుకూ రెండో కుట్టుకూ మధ్య అడ్డంగా కనిపించే చిన్న మెట్టుని ఈ అంచున ఒకటి, ఆ అంచున ఒకటి ఎత్తుతూ కిందిదాకా కుట్టుకురండి. నాలుగైదు మెట్లయ్యాక దారం లాగితే జిప్పులా మూసుకుంటుంది.

గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో నొక్కి, తలంత ఊదిన బుడగమీద తొడిగి ఆరనివ్వండి. మొదటిసారి నీళ్లు లేతగా రంగు దిగితే కంగారు లేదు. రెండోసారీ మూడోసారీ దిగుతుంటే రంగు సరిగా పట్టనట్టు. అప్పుడు ఆమ్లం కలిపిన నీళ్లలో, కదపకుండా, టోపీనే మళ్లీ 85 డిగ్రీలకు నెమ్మదిగా తీసుకెళ్లి అరగంట ఉంచి, గిన్నెలోనే చల్లార్చండి.